ఏడో సీసా ఓర్పు

కర్లపాలెంలో ఎనిమిదిన్నర బస్సెక్కితే తొమ్మిదింటికల్లా బాపట్లలో దిగొచ్చు. పందొమ్మిదేళ్ళుగా కోటిరత్నం అదే బస్సెక్కుతోంది. దిగి, సూర్యలంక రోడ్డు మీద పది నిమిషాలు నడిచి, పరిశోధన కేంద్రం గేటు దగ్గర వాచ్‌మన్ దావీదుని "బాగున్నావా అన్నయ్యా" అని పలకరించి, లోపలికెళ్ళి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటుంది. పదకొండు కొట్టగానే స్పిరిట్ దీపం వెలిగించి పన్నెండు సీసాలకీ అన్నం పెడుతుంది.

అన్నం అనేది ఆమె మాట. ఒక్కో సీసాలో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉంటాయి. వాటికి పెట్టేది చిటికెడు చక్కెర కలిపిన ఉప్పునీళ్ళు. ఆ చక్కెర సాయంత్రానికే అయిపోతుంది. రాత్రంతా, మర్నాడు పదకొండు దాకా పస్తే. అప్పుడు పాత సీసాలోంచి నూరో వంతు తీసి కొత్త సీసాలో వదలాలి. మిగిలిన తొంభైతొమ్మిది వంతులూ ఆవిరిలో ఉడికి చావాలి. బతికిన ఆ ఒక్క వంతూ రోజుకి ఆరేడు తరాలు పెరుగుతుందని ఈ ప్రయోగం మొదలుపెట్టిన చెంచురామయ్య గారు చెప్పేవారు. పన్నెండు సీసాలూ ఒక్క తల్లి పిల్లలే. ఆ తల్లిని ఆయన రేపల్లె దగ్గర ఒక కాలవ బురదలోంచి తెచ్చారు. ఏ సీసా ఏ దారిన మారుతుందో చూడటమే ప్రయోగం. డెబ్భై అయిదు రోజులకోసారి ఒక్కో బొట్టు గడ్డకట్టించి దాచేవారు, ఎప్పుడన్నా ముత్తాతల్ని లేపి మునిమనవళ్ళతో పందెం కట్టటానికి. చెంచురామయ్య గారు పోయి ఆరేళ్ళయింది. సీసాలు మాత్రం నలభై ఆరు వేల తరాలు దాటాయి.

"మా పుట్టింటి బురదేగా, నా మాట వింటాయి" అనేది కోటిరత్నం. ఆమెది రేపల్లె.

శుక్రవారాలు మాత్రం లెక్క వేరు. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ గంటన్నరలో కొత్త పనేదీ మొదలెట్టకూడదని అత్తగారు సుబ్బాయమ్మ చెప్పింది. కొత్త సీసాలో ప్రాణం పొయ్యటం కంటే కొత్త పని ఏముంటుంది? అందుకని శుక్రవారం చేతులు కడుక్కుని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పన్నెండు దాటాకే దీపం. రిజిస్టరులో వేళ పదకొండు అని అచ్చేసే ఉండేది, ఆమె పని పక్కన సంతకం పెట్టటమే. చెంచురామయ్య గారికి తెలుసు, దావీదుకి తెలుసు, అందరికీ తెలుసు. ఎవరూ ఎక్కడా రాయలేదు.

వారానికో గంట ఎక్కువ పస్తు. పదకొండు సీసాలు ఆ గంటని ఎలాగో ఈడ్చాయి. ఏడో సీసా నేర్చుకుంది.

ఎప్పుడు నేర్చుకుందో తెలీదు గానీ, పదేళ్ళ నుంచీ ఏడో సీసా ఉన్న గదిలో ఎవరికీ ఆకలెయ్యదు. కార్తీక సోమవారాలు ఆ వీధి ఆడవాళ్ళు ఉపవాసముండి, చుక్క కనపడేదాకా ఆ గది వరండాలో కూర్చుని ఒత్తులు చేసుకునేవాళ్ళు. గుడ్ ఫ్రైడే ముందు నలభై రోజులూ దావీదు తన కుర్చీని ఆ కిటికీ కిందకి జరుపుకునేవాడు. హాస్టల్లో సాంబారు మరీ నీళ్ళగా ఉన్న రోజు పిల్లలు పుస్తకాలు పట్టుకొచ్చి బల్లల చుట్టూ చేరేవాళ్ళు. "జరగండర్రా, దీపానికి గాలి తగులుతుంది" అని కోటిరత్నం కసిరేది. అంతకి మించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ పిల్లల్లోనే ఒకతి లిఖిత. తెనాలి అమ్మాయి, ఈ సీసాల మీదే పీహెచ్‌డీ. మాట మొదలెడితే పిడికిలి దానంతటదే బిగుసుకునేది.

"ఆకలి పుట్టదు పిన్నీ, పుట్టిస్తారు."

"ఎవరమ్మా పుట్టించేది?"

"వ్యవస్థ."

"ఆయన ఏ సెక్షన్లో ఉంటాడే? నేను పందొమ్మిదేళ్ళ నుంచీ ఉన్నా, ఒక్కసారీ కనపళ్ళేదు."

లిఖిత నవ్వేది కాదు. నవ్వటం కూడా లొంగిపోవటమే అని ఎక్కడో చదివింది.

మార్చిలో ఆ పిల్ల సెమినార్ ఇచ్చింది. తెర మీద ఏడో సీసా పెరుగుదల గీత నడుస్తూ నడుస్తూ ప్రతి ఏడో రోజూ చిన్న మెట్టు దిగుతోంది. "చూడండి! ఈ జీవులు వారాన్ని నేర్చుకున్నాయి! కారణం, ప్రతి శుక్రవారం అన్నం ఒక గంట ఆలస్యం!" అని ఊగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ వీరరాఘవయ్య మాత్రం కొట్టలేదు. జేబులోంచి పెన్ను తీసి ఏదో రాసుకున్నారు.

ఏప్రిల్ చివర్లో కాగితం వచ్చింది. మూఢనమ్మకంతో ప్రయోగం క్రమశిక్షణని దెబ్బతీసినందుకు అటెండర్ కోటిరత్నం ఒప్పందం పొడిగించటం లేదు. మే నెల రెండో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకి తాళాలు అప్పగించాలి. శనివారం నుంచి తెనాలి ఏజెన్సీ వాళ్ళు వస్తారు.

ఆమె కాగితం పట్టుకుని ఆయన గదికెళ్ళింది. భర్త కోటిబాబు ట్రాక్టరు మీంచి పడి నడుం విరిగి మూడేళ్ళు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగంతోనే.

"పందొమ్మిదేళ్ళు చేశానండీ."

"పందొమ్మిదేళ్ళు కాదమ్మా. పదకొండేసి నెలల ఒప్పందాలు, ఇరవై ఒకటి. మధ్యలో ఒక్కోరోజు నువ్వు మా మనిషివే కాదు. అది ఉద్యోగం ఎలా అవుతుంది?"

"ఆ రోజుల్లో కూడా అన్నం పెట్టింది నేనేనండీ."

"ఎవరు పెట్టమన్నారు?" అన్నారాయన. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగారు.

దౌర్జన్యం ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడదు. చాలాసార్లు అది ఫ్యాను కింద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ, సందేహం అడుగుతుంది.

బయట మెట్ల మీద లిఖిత ముఖం చేతుల్లో దాచుకుని కూర్చునుంది. "నేనే చేశాను పిన్నీ. నిజం చెప్పాననుకున్నా."

"నిజమేగా చెప్పావు. దాని పక్కన నా సంతకముందని చూసుకోలా, అంతే. లే, దుమ్ము."

నిరాహార దీక్ష లిఖిత ఆలోచనే. గేటు పక్క బాదం చెట్టు కింద నాలుగు కర్రలు పాతి, టార్పాలిన్ కట్టి, మంచం వేసింది. "ఆకలే మా ఆయుధం" అని ఎర్రరంగుతో బోర్డు రాసింది. తాళాలు అప్పగించాల్సిన వారం, ఆదివారం పొద్దున కోటిరత్నం ఉతికిన నేతచీర కట్టుకుని ఆ మంచమ్మీద కూర్చుంది. పదకొండు కాగానే లేచి లోపలికి నడిచింది.

"ఎక్కడికి పిన్నీ?"

"సీసాలకి అన్నం పెట్టొస్తా."

"దీక్షలో ఉండి పని చేస్తావా! ఆపాలి పిన్నీ, అన్నీ ఆపాలి!"

"నేను ఆపింది నా అన్నం. వాటిది కాదు."

రెండో రోజు సాయంత్రానికి ఆమె పొట్ట పట్టుకుని ఒక పక్కకి ఒరిగింది. లిఖిత చూడలేకపోయింది. ఏడో సీసాని థర్మోకోల్ పెట్టెలో పెట్టి తెచ్చి మంచం కింద దాచింది. మే నెల ఎండకి, సీసాల్ని వెచ్చగా ఉంచే అలమర అక్కర్లేదు. క్షణంలో కోటిరత్నం ముఖం తేటపడింది. లేచి కూర్చుని జడ అల్లుకుంది. మంగళవారం దావీదుతో పచ్చీసాట ఆడింది, గెలిచింది కూడా.

మూడు రోజులు చీమ కుట్టినట్టయినా లేదు ఎవరికీ. విలేకరి ఒకడు రేపల్లె నుంచి బండి మీద వచ్చి, పెట్టె చూసి, పెన్ను మూసేశాడు. "ఏడో సీసా కింద పెట్టుకుని దీక్ష ఏంటక్కా? ఆకలి లేని నిరాహార దీక్షకి వార్తేముంది?" వీరరాఘవయ్య గారు కారు అద్దం దించి, "ఆ సీసా పక్కనైతే నేనూ చేస్తానమ్మా నెల రోజులు" అని అద్దం ఎక్కించుకున్నారు.

పక్క వీధి ఆరోగ్య కేంద్రంలో నర్సు నాగజ్యోతి రోజూ వచ్చి వేలు గుచ్చి చూసేది. బుధవారం షుగరు యాభై ఎనిమిది. గురువారం పొద్దున నలభై తొమ్మిది. నాగజ్యోతి ఆ అంకె రెండుసార్లు చూసుకుని లిఖిత చెయ్యి పట్టుకుని చెట్టు వెనక్కి లాగింది.

"ఆకలెయ్యట్లేదు కదాని శరీరం ఊరుకుంటుందా? అది లోపల తనని తానే తింటోంది. ఆవిడకి తెలీటం లేదంతే. ఇలాగే నవ్వుతూ పచ్చీసాడుతూ పక్కకి వాలిపోద్ది. అప్పుడు నీ బోర్డు మీద ఏం రాస్తావు?"

లిఖిత గేటు లోపలికి నడిచింది. ఆ మధ్యాహ్నమంతా గదిలో కూర్చుని తన పాత లెక్కలు తిరగేసింది. గడ్డకట్టిన ముత్తాతలతో పన్నెండు సీసాలకీ కట్టిన పందేలు. సాయంత్రం ఎండ వాలుతుండగా వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఈసారి పిడికిలి లేదు.

"పిన్నీ, ఏడోది ప్రతి పందెంలోనూ ఓడిపోయింది."

"అదేంటే? అన్నిటికన్నా ఓర్పు దానికేగా."

"అందుకే. అన్నం పెట్టగానే మిగతావి ఎగబడి తింటాయి. ఇది తినదు. ఇంకా పస్తే అనుకుని అలాగే కూర్చుంటుంది. అది నమ్మి మొదటి ముద్ద తినేసరికి పక్కవాళ్ళు సగం ఖాళీ చేసేస్తారు." లెక్కల కాగితం మడిచింది. "అది ఆకలిని గెలవలేదు పిన్నీ. అలవాటు పడింది. మనం దాన్ని చూసి మురిసిపోయాం."

కోటిరత్నం బోర్డు వైపు చూసింది. ఎర్రరంగు ఎండకి పెచ్చులూడుతోంది. ఇరవై ఒక్క ఒప్పందాలు. ప్రతిసారీ వచ్చేసారి చూద్దాం అన్నారు. ప్రతిసారీ "అలాగేనండి" అంది. మధ్యరోజుల్లో, తను ఎవరూ కాని ఆ రోజుల్లో, అదే బస్సెక్కి వచ్చింది.

"పెట్టె తీసుకెళ్ళి దాని చోట దాన్ని పెట్టు" అంది.

"పిన్నీ, షుగరు నలభై తొమ్మిది. ఆకలి ఒక్కసారిగా..."

"తెలుసు. తీసుకెళ్ళు."

పెట్టె గేటు లోపలికి వెళ్ళిన అరక్షణానికి అయిదు రోజుల ఆకలీ ఒక్కసారిగా వచ్చి మీద పడింది. ఆమె మంచం నులక నోట కరుచుకుంది. నాగజ్యోతి గ్లూకోజు సీసా విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "రేపు పన్నెండు దాకా. ఒక్క పూటేగా తల్లీ. అప్పటికీ కాకపోతే నీ ఇష్టం."

శుక్రవారం పదకొండు కొట్టింది. కోటిరత్నం లేవలేదు. లేచినా నడవగలిగేది కాదు. అందరికీ అది మామూలే, రాహుకాలం కదా అనుకున్నారు. వీరరాఘవయ్య గారు కూడా తాళాల వేళ పన్నెండని పెట్టింది అందుకే. ఆయనకీ రాహుకాలముంది. కాకపోతే ఆయన రాహుకాలం ఎవరి సెమినార్లోకీ రాలేదు.

సరిగ్గా పన్నెండుకి లిఖిత, నాగజ్యోతి చెరో రెక్కా పట్టుకుని ఆమెని మెట్లెక్కించారు. హాల్లో డైరెక్టరు గారు, ఆయన పక్కన తెనాలి ఏజెన్సీ నుంచి మనోజ్ అని టక్ చేసుకున్న కుర్రాడు, గుమాస్తాలు. ఆమె తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది.

"సీసాలకి పెట్టేశావుగా?" అన్నారు వీరరాఘవయ్య.

"లేదండి. పన్నెండు దాకా రాహుకాలమండి. పన్నెండయ్యాక నేను మీ మనిషిని కాదండి."

"సరే, మనోజ్ గారూ, మీరు..."

"మా అగ్రిమెంటు రేపట్నుంచి సార్. ఈరోజు ముట్టుకుంటే రేపు ఏదైనా అయితే మా మీదకొస్తుంది."

"లిఖితా, నువ్వు పెట్టు."

లిఖిత చేతులు వెనక్కి కట్టుకుంది. "రిసెర్చి స్కాలర్లు అటెండర్ పనులు చేస్తే చర్య తీసుకుంటామని కిందటేడు సర్క్యులర్ ఇచ్చారు సార్. మీ సంతకమే."

పన్నెండూ పది. ఏడో సీసా ఎదురుచూసింది. దానికి తెలిసిన ఓర్పు ఒక్క గంట. ఆ గంట పదకొండు నుంచి పన్నెండు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ చెయ్యే వచ్చేది. ఈసారి రాలేదు.

ముందు దావీదు తెలుసుకున్నాడు. కుర్చీలోంచి లేచి పొట్ట తడుముకుని, టిఫిన్ డబ్బా మూత తీశాడు. తర్వాత గుమాస్తాల బల్లల కింద సంచులు గలగలలాడాయి. పన్నెండున్నరకి క్యాంటీన్లో ఇడ్లీ అయిపోయింది, ఉప్మా అయిపోయింది, అట్టపెట్టెలో బిస్కట్లు అయిపోయాయి. ఎంత తిన్నా కడుపు నిండటం లేదు. మనోజ్ తెనాలి నుంచి తెచ్చుకున్న బిరియాని పొట్లం నిలబడే తిని, అడుగున కాగితం వేలితో తుడుచుకుని, సిగ్గుపడి, మళ్ళీ తుడుచుకున్నాడు. ఒంటిగంటకి హాస్టలు వైపు నుంచి కంచాల మోత మొదలైంది.

పందొమ్మిదేళ్ళ శుక్రవారాలు. ఒక్కో గంటా దాచిపెట్టుకున్న ఆకలి. అది గది దాటింది, వరండా దాటింది, మెట్లెక్కి ఏసీ గది తలుపు కింది నుంచి లోపలికి వెళ్ళింది.

వీరరాఘవయ్య గారు ఇంటి క్యారేజీ నాలుగు గిన్నెలూ ఖాళీ చేశారు. తర్వాత తానే సీసాల గదికి వెళ్ళి దీపం వెలిగించబోయారు. ఆయన ఆ పని చేసి పదిహేనేళ్ళయింది. అగ్గిపుల్లలు వరసగా మూడు విరిగాయి. నాలుగోది వేలు కాల్చింది. నూరో వంతు తీసే గాజు పిపెట్టు చేతిలోంచి జారింది. ఏడో సీసా మూత మీద చెయ్యి వేశారు గానీ, వేసినవారు వేసినట్టే నేల మీద కూలబడ్డారు.

బయట బెంచీ మీద కోటిరత్నం పెదాలు తెల్లబడిపోయాయి. నాగజ్యోతి మళ్ళీ వేలు గుచ్చింది. నలభై నాలుగు. "అక్కా, ఇంక చాలు. నీకు దణ్ణం పెడతా" అంది. కోటిరత్నం తల అడ్డంగా ఊపింది. ఊపటానికి కూడా ఆమెకి సమయం పట్టింది. నాగజ్యోతి గ్లూకోజు మూత తీసి పట్టుకుని నిలబడింది. లిఖిత పిన్ని పాదాలు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతోంది. ఇప్పుడీ మనిషి కళ్ళు మూస్తే తను చదివిన పుస్తకాలన్నీ కలిపినా ఒక్క ఊపిరి తెచ్చివ్వలేవని ఆ పిల్లకి అర్థమైంది.

ఒంటిగంటన్నరకి వీరరాఘవయ్య గారు గోడ పట్టుకుని బయటికి వచ్చారు.

"అన్నం పెట్టమ్మా వాటికి."

"ఏ మనిషిగా పెట్టనండి?"

"అది నా చేతుల్లో..." అని ఆగారు. ఆకలిగా ఉన్నప్పుడు పొడుగాటి అబద్ధం చెప్పటం కష్టం. "ఆ పోస్టు మంజూరై ఆరేళ్ళయింది. ఫైల్లోనే ఉంది."

కోటిరత్నం ఆయన కళ్ళలోకి చూసింది. పందొమ్మిదేళ్ళలో అలా చూడటం అదే మొదలు.

"ఆకలేస్తోంది సార్" అంది. గట్టిగానే అంది. "నాకు చాలా ఆకలేస్తోంది."

ఆయన బల్ల దగ్గరికి నడిచి ఫైలు తెప్పించారు. చేత్తోనే రాశారు. లిఖిత కాగితం తెచ్చి ఒక్కో మాటా చదివింది. పందొమ్మిదేళ్ళ సేవని పరిగణించి, దయతలచి, శాశ్వత అటెండరుగా...

"దయతలచి అన్న మాట కొట్టేయండి సార్" అంది కోటిరత్నం.

"ఇప్పుడు ఆ ఒక్క మాటకేంటమ్మా?"

"కొట్టేయండి. నేను ఇక్కడే కూర్చుంటా."

లోపల ఎక్కడో ఖాళీ కంచం కిందపడి గుండ్రంగా తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన కాగితం వైపే చూశారు. తర్వాత ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, గీత పక్కన పొట్టి సంతకం, కింద పొడుగు సంతకం పెట్టారు.

ఆమెని సీసాల గదిలోకి మోసుకెళ్ళినంత పని అయింది. స్టూలు మీద కూర్చోబెట్టి లిఖిత వెనక నుంచి పట్టుకుంది. ఆమె చేతికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. ఒక్క అగ్గిపుల్లకే దీపం వెలిగింది. ఏడో సీసాతో మొదలుపెట్టింది. నూరో వంతు కొత్త నీళ్ళలోకి జారగానే అది ఆగలేదు, అనుమానించలేదు. కళ్ళ ముందే అవి కోట్లుగా పెరిగి నీళ్ళు మసకబారటం లిఖిత చూసింది. క్యాంటీన్లో గోల సద్దుమణిగింది. మనోజ్ చెయ్యి కడుక్కోటానికి వెళ్ళాడు.

వరండాలో నాగజ్యోతి గ్లాసులో పల్చటి గంజి, చిటికెడు ఉప్పు వేసి సిద్ధంగా పెట్టింది. "ఇన్ని రోజుల పస్తు తర్వాత ఒక్కసారే తాగితే ప్రమాదం. గుక్క గుక్కా మెల్లగా. సగం గ్లాసే. అర్థమైందా అక్కా?"

కోటిరత్నం గుక్క గుక్కా మెల్లగానే తాగింది. తాగి ఖాళీ గ్లాసు నాగజ్యోతి ముందుకి చాపింది. అక్కడ గుమాస్తాలున్నారు, ఏజెన్సీ కుర్రాడున్నాడు, గుమ్మంలో డైరెక్టరు గారున్నారు.

"ఇంకా పొయ్యి" అంది. "నాకింకా కావాలి."

నాగజ్యోతి సందేహించింది. గ్లాసు మాత్రం అలాగే చాపి ఉంది. ఆ చెయ్యి వెనక్కి పోలేదు.